అటక లేని ఆఫీసులో భారవి

ఆదివారం పూట అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకోవడం నాకు ఇంటర్ రోజుల నుంచీ ఉన్న వ్యసనం. వారమంతా బట్టలూ చెప్పులూ అమ్మే షాపులు ఆ రోజు షట్టర్లు దించుతాయి. ఆ షట్టర్ల ముందు పట్టాలు పరిచి పుస్తకాలు పోస్తారు. ఎప్పటిదో జావా పుస్తకం, ఎవరో వదిలించుకున్న ఎంసెట్ మెటీరియలు, అట్ట ఊడిన నవల, అన్నీ ఒకే కుప్పలో ఉంటాయి. మొన్న జనవరిలో మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. జీపీఓ దగ్గర మొదలెట్టి ఒక్కో కుప్పా చూసుకుంటూ వస్తుంటే వెనక నుంచి ఎవరో "అన్నా" అని పిలిచారు.

తిరిగి చూస్తే నా పాత టీములో కుర్రాడు. కుర్రాడంటే అప్పటి మాట. ఇప్పుడు జుట్టు పలచబడింది, చంకలో మూడేళ్ళ పిల్లాడు. దాదాపు పదేళ్ళయింది చూసి. నేనైతే గుర్తుపట్టనట్టు తల తిప్పుకునేవాణ్ణేమో, ఎందుకో తర్వాత చెప్తాను. అతనే వచ్చి పలకరించాడు. పక్క సందులో హోటల్లో కూర్చున్నాం. చాయ్ వచ్చింది, పిల్లలిద్దరికీ బిస్కెట్లు వచ్చాయి. ఏం చేస్తున్నావు, ఎక్కడుంటున్నావు, అవన్నీ అయ్యాక అతను గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"అన్నా, నాకు మీమీద కోపం లేదు. అప్పుడుండె, ఇప్పుడు లేదు. గని ఒక్క మాట అడుగుత. ఆ రోజు హెచ్చార్ రూముల నా తప్పులని పదకొండు పాయింట్లు చదివిండ్రు. అవన్నీ మీకు ముందే ఎరికే కదా. మరి నాకెందుకు చెప్పలే?"

నా దగ్గర జవాబు లేదు. "అవును, చెప్పాల్సింది" అని ఏదో గొణిగాను. ఆ ప్రశ్న మాత్రం ఇంకా వెంటాడుతూనే ఉంది. ఈ టపా దానికి జవాబు వెతుక్కునే ప్రయత్నం. మీలో చాలామంది టీము లీడ్లూ మేనేజర్లూ అయ్యుంటారు, కనీసం తల్లిదండ్రులైనా అయ్యుంటారు కాబట్టి మీకూ పనికొస్తుందనుకుంటున్నాను.

జరిగింది ఇదీ. అది 2015. అతను మా టీములో చేరి ఏడాదిన్నర. చురుకైనవాడు. ఏ పని చెప్పినా కాదనడు, సాయంత్రానికల్లా "అయిపోయింది అన్నా" అనేవాడు. కాకపోతే ఆ అయిపోవడంలో చాలా లొసుగులుండేవి. ఒకచోట రాసిన కోడు నాలుగుచోట్ల కాపీ కొట్టేవాడు. టెస్టులు రాసేవాడు కాదు. ఎర్రర్ వస్తే దాన్ని మింగేసి ఏమీ జరగనట్టు ముందుకెళ్ళే కోడు రాసేవాడు. నేనేం చేసేవాణ్ణంటే, రాత్రి ఇంటికెళ్ళాక లాగిన్ అయ్యి అవన్నీ నేనే సరిచేసి, పొద్దున కనిపించగానే "సూపర్ రా, కానిచ్చేశావ్" అనేవాణ్ణి.

ఎందుకలా? నేను కెరీర్ మొదట్లో పనిచేసిన ఒక మేనేజరు అందరి ముందూ కేకలేసే రకం. ఆయన దగ్గర మూడేళ్ళు నలిగాక, నేను లీడైతే ఒక్కణ్ణి కూడా నొప్పించకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టుని బ్రహ్మాండంగా నిలబెట్టుకున్నాను కూడా. టీములో అందరికీ నేనంటే ఇష్టం. పార్టీల్లో "మా లీడు దేవుడు" అనేవాళ్ళు.

ఏడాది చివర రేటింగుల మీటింగు వచ్చింది. మేనేజర్లందరూ తలుపులేసుకుని, ఎవరు పైన, ఎవరు కింద అని గీతలు గీసే మీటింగు. అప్పట్లో కంపెనీల్లో బెల్ కర్వ్ రోజులు కదా, ప్రతి టీము నుంచీ కింద వరసలోకి ఎవరో ఒకరు వెళ్ళాల్సిందే. (మైక్రోసాఫ్ట్ 2013లోనే ఆ పద్ధతికి నమస్కారం పెట్టింది, మా దాకా రావడానికి టైము పట్టింది.) నేను అతని పేరు చెప్పాను. ఎందుకని అడిగితే పదకొండు కారణాలు గడగడా చెప్పాను. అన్నీ నిజాలే. అన్నిటికీ తేదీలు కూడా నా దగ్గరున్నాయి, సరిచేసింది నేనే కాబట్టి.

ఆ పదకొండూ అతను మొదటిసారి విన్నది హెచ్చార్ రూములో. నా మొహం వంక చూశాడు. ముందు రోజు దాకా "సూపర్ రా" అన్న మొహం అది. రెండు నెలల్లో పేపర్లు పెట్టి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు భారవి దగ్గరకొద్దాం. కిరాతార్జునీయం రాసిన మహాకవి భారవి గురించి మన ఇళ్ళల్లో చెప్పుకునే కథ మీకు తెలిసే ఉంటుంది. ఊరంతా భారవి పాండిత్యాన్ని మెచ్చుకుంటుంటే తండ్రి మాత్రం "వాడికేం తెలుసు, ఇంకా చిన్నవాడు" అని తీసిపారేస్తుండేవాడట. భారవికి మండింది. తండ్రిని చంపేద్దామని పెద్ద బండ పట్టుకుని అటకెక్కి కూర్చున్నాడు. కింద తల్లి అడిగింది, అందరూ అంతగా పొగుడుతుంటే మీరెందుకలా అంటారు అని. తండ్రి అన్నాడు, నాకు మాత్రం ఆనందం లేదా, బిడ్డని ఎదురుగా పొగిడితే ఆయుక్షీణం, పైగా వాడికి గర్వం వచ్చి అక్కడే ఆగిపోతాడు అని. అటక మీద భారవి కుమిలిపోయాడు. దిగొచ్చి కాళ్ళ మీద పడి శిక్ష వెయ్యమన్నాడు. ఆర్నెల్లు అత్తారింట్లో ఉండమన్నాడు తండ్రి. ఇదేం శిక్ష అని నవ్వుకుని వెళ్ళినవాడికి రోజులు గడిచేకొద్దీ తెలిసొచ్చింది. ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారుగానీ కథ ఇదీ.

ఈ కథని మన పెద్దవాళ్ళు ఒకందుకు చెప్తారు: నాన్న తిట్టాడంటే ప్రేమ లేక కాదు, లోపల దాచుకున్నాడు అని. నేనూ చిన్నప్పుడు అలాగే విన్నాను. అబిడ్స్ నుంచి వచ్చాక మాత్రం ఈ కథ నాకు వేరేలా కనిపిస్తోంది. ఒక్కసారి సాఫ్ట్‌వేర్ వాళ్ళలా చూడండి. ఒక కొడుకు చేతిలో బండ పట్టుకునేదాకా వచ్చాడంటే ఆ ఇంట్లో సమాచారం వెళ్ళే దారి ఎక్కడో పూర్తిగా మూసుకుపోయిందన్నమాట. తండ్రి మనసులో మాట కొడుక్కి చేరింది, కానీ చెప్పడం వల్ల కాదు, వాడు అటకెక్కి చాటుగా వినడం వల్ల. ఆ రోజు తల్లి ఆ ప్రశ్న అడక్కపోయుంటే? ఆ ఇంటికి అటక లేకపోయుంటే? కథ సుఖాంతమైంది కాబట్టి నీతి కథ అయింది. నాకైతే ఇది అదృష్టం బావుండి తప్పిపోయిన ప్రమాదంలా కనిపిస్తోంది.

తమాషా ఏమిటంటే, నేను భారవి తండ్రికి సరిగ్గా తలకిందులుగా చేశాను. ఆయన తప్పులు ఎదురుగా చెప్పి, మెప్పు చాటున దాచుకున్నాడు. నేను మెప్పు ఎదురుగా చెప్పి, తప్పులు చాటున దాచుకున్నాను. పాత తరం తండ్రి ఆయన, కొత్త తరం మేనేజర్ని నేను. ఇద్దరం చేసిన తప్పు మాత్రం ఒక్కటే. ఎదుటివాడికి ఏం చెప్తున్నామో అది ఒకటి, వాడి గురించి నాలుగ్గోడల మధ్య చెప్పేది ఇంకొకటి. భారవికి అటకుంది, విన్నాడు. నా టీములో కుర్రాడికి అటక లేదు. రేటింగుల మీటింగు జరిగిన రూము తలుపులు వేసే ఉన్నాయి.

అందుకే పొగడాలా, తిట్టాలా అనే చర్చ ఎప్పుడొచ్చినా నాకు అసలు ప్రశ్న పక్కకి పోయిందనిపిస్తుంది. ఏది చెప్పినా అది పని గురించా, మనిషి గురించా? చెప్పాల్సినవాడికి, చెప్పాల్సిన రోజున చేరిందా లేదా? ఈ రెండూ తేలితే, మిగతాది గొంతు ఎంత పెంచాలన్న విషయం మాత్రమే.

ఇది నాకు ఎప్పుడో ఒకాయన నేర్పారు, నేనే మర్చిపోయాను. ఇంటర్ అయ్యాక సెలవుల్లో మా నాన్న నన్ను నాంపల్లిలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించారు. 1993. స్టేషన్ రోడ్డుకి దగ్గర్లో, మేడ మీద రెండు గదులు, పన్నెండు మిషన్లు. గదిలోకి అడుగుపెడితే పన్నెండు మిషన్ల చప్పుడులో పక్కవాడి మాట వినపడేది కాదు. "లోయర్" పాసైతే ఎక్కడో అక్కడ గుమాస్తా ఉద్యోగమైనా దొరుకుతుందని మా నాన్న ధైర్యం. ఆ పది వేళ్ళతోనే ఇన్నేళ్ళూ కోడు కొట్టి బతుకుతానని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు :-)

అక్కడి సారు సన్నగా, ఎప్పుడూ తెల్ల చొక్కాలో ఉండేవారు. నేను కొట్టిన కాయితం తీసుకెళ్తే ఎర్ర సిరా పెన్నుతో తప్పులకి సున్నాలు చుట్టేవారు. అందరు సార్లూ చుడతారు. ఈయన ఇంకో పని చేసేవారు. ప్రతి సున్నా పక్కన ఏ వేలో రాసేవారు. "చూడు, డబ్ల్యూ కొట్టాల్సిన చోట ఆరుసార్లు ఈ పడింది. అంటే నీ ఎడమ చేతి ఉంగరం వేలు లేవట్లేదు. దాని పని నడిమి వేలు చేస్తోంది. రేపు ఈ నాలుగు మాటలే పేజీ నిండా కొట్టుకురా" అనేవారు. వెధవా అనలేదు, నీకు రాదు అనలేదు. అలాగని భలే కొట్టావని కూడా అనలేదు. ఆయన చూపు ఎప్పుడూ నా వేళ్ళ మీదే, నా మీద కాదు.

మూడో వారంలో ఒకరోజు కాయితం చూసి ఎక్కడా పెన్ను పెట్టకుండా, "ఇవాళ ఉంగరం వేలు తప్పు ఒక్కటి కూడా లేదు" అని తిరిగిచ్చేశారు. అంతే. ఆ రోజు నాంపల్లి నుంచి మల్లేపల్లిలో మా ఇంటిదాకా నడిచి వెళ్ళానో ఎగిరి వెళ్ళానో తెలీదు. ఆ తర్వాత ఆఫీసుల్లో నాకు చాలా అవార్డులూ సర్టిఫికెట్లూ ఇచ్చారు. ఒక్కటి కూడా ఎందుకిచ్చారో గుర్తులేదు. ఉంగరం వేలు మాత్రం గుర్తుంది. ఎందుకంటే అది పొగడ్త కాదు, సమాచారం. ఆయన నిజంగా చూశారని దాని అర్థం.

"ఇవన్నీ కథలండీ, మనవాళ్ళకి నాలుగు తిడితేనే పని జరుగుతుంది, దండం దశగుణం భవేత్" అనేవాళ్ళు మన ఆఫీసుల్లో తక్కువేం లేరు. పైగా వాళ్ళ దగ్గర అనుభవం కూడా ఉంటుంది: "పోయిన రిలీజులో బగ్గులు ఎక్కువొచ్చాయని వాయించాను, ఈ రిలీజు ఎంత బావుందో చూడు. అంతకుముందు బావుందని మెచ్చుకున్నాను, ఏమైంది?"

ఈ వాదనకి మంచి జవాబు డేనియల్ కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పాడు. 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది ఈయనకే. ఎప్పుడో ఇజ్రాయెల్ వైమానిక దళంలో పైలట్లకి శిక్షణ ఇచ్చేవాళ్ళకి పాఠం చెప్తూ, తిట్టడం కన్నా మెచ్చుకోవడం మేలన్నాడట. ఒక సీనియర్ లేచి, నా అనుభవం దీనికి పూర్తిగా వ్యతిరేకం, బాగా చేసినవాణ్ణి మెచ్చుకుంటే మర్నాడు చెడగొడతాడు, చెత్తగా చేసినవాణ్ణి అరిస్తే మర్నాడు బాగుపడతాడు అన్నాడు. కానమన్ నేల మీద సుద్దతో గుర్తు గీసి, వెనక్కి తిరిగి నిలబడి ఆ గుర్తు మీదికి రెండేసి నాణేలు విసరమన్నాడు. మొదటి నాణెం బాగా దగ్గరగా వేసినవాళ్ళలో ఎక్కువమందికి రెండోది దూరంగా పడింది. దూరంగా వేసినవాళ్ళలో ఎక్కువమందికి రెండోది దగ్గరైంది. మధ్యలో ఎవరూ ఎవర్నీ మెచ్చుకోలేదు, తిట్టలేదు!

సంగతేమిటంటే, ఏ పనిలోనైనా కొంత మన చేతిలో ఉంటుంది, కొంత ఆ రోజు అదృష్టం ఉంటుంది. మరీ ఘోరంగా పోయిన రోజు తర్వాత మామూలు రోజు వచ్చే అవకాశమే ఎక్కువ. మనం ఘోరమైన రోజునే తిడతాం కాబట్టి, మర్నాటి మామూలుదనం మన తిట్ల మహిమలా కనిపిస్తుంది. రిగ్రెషన్ అనగానే మనకి టెస్టింగే గుర్తొస్తుంది గానీ, లెక్కల్లో దీన్ని కూడా రిగ్రెషన్ అనే అంటారు, సగటు వైపు జారడం. తిట్టేవాడికి లోకమే అబద్ధపు సాక్ష్యం ఇస్తూ ఉంటుందన్నమాట. నేను పనిచేసిన ఆ కేకల మేనేజరు చెడ్డవాడు కాదేమో. తన లెక్క తప్పని చూపించేవాళ్ళు ఆయనకి ఎవరూ దొరకలేదు, అంతే.

అలాగని పొగడ్త వైపు ఉన్నవాళ్ళు గెలిచినట్టు కాదు. 1996లో క్లూగర్, డినిసి అని ఇద్దరు పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ పోగేసి, 607 ఫలితాల్ని లెక్కకట్టారు. సగటున చూస్తే ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది. కానీ మూడింట ఒక వంతుకి పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చాక పని ఇంకా పాడైంది. వాళ్ళు చెప్పిన కారణం నాకు బాగా నచ్చింది. మనం చెప్పిన మాట ఎదుటివాడి దృష్టిని పని మీంచి తన మీదికి మళ్ళిస్తే ఫలితం పడిపోతుందట. "నేనెలాంటివాణ్ణి?" అనే ఆలోచనలో పడినవాడికి చేతిలో పని కనపడదు. అది తిట్టుకీ వర్తిస్తుంది, పొగడ్తకీ వర్తిస్తుంది. "నువ్వు దద్దమ్మవి", "నువ్వు జీనియస్‌వి", రెండూ మనిషి గురించే. మా టైపు సారు ఏ పేపరూ చదవకుండానే ఉంగరం వేలు గురించి మాట్లాడారు.

1998లో క్లాడియా ముల్లర్, కారొల్ డ్వెక్ అయిదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగం కూడా ఇలాంటిదే. నువ్వు తెలివైనదానివి అని మెచ్చుకున్న పిల్లలు తర్వాత తేలికైన పనుల వైపు మొగ్గారు. బాగా కష్టపడ్డావు అని మెచ్చుకున్నవాళ్ళు కష్టమైనవి అడిగారు. దీని మీద కట్టిన సిద్ధాంతం అందరూ ఊదరగొట్టినంత పెద్దది కాదని తర్వాత వాదాలు చాలా నడిచాయి, అది వేరే కథ. నాకు మిగిలిన పాఠం మాత్రం చిన్నది. తెలివైనదానివని ముద్ర వేశాక ఆ ముద్ర చెరిగిపోకుండా కాపాడుకోవడమే పిల్లకి పనైపోతుంది.

మనుషులదాకా ఎందుకు, మనం తయారుచేస్తున్న యంత్రాలకే ఈ జబ్బు పట్టుకుంది. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ కంపెనీ చాట్‌జీపీటీకి ఒక అప్‌డేట్ ఇచ్చి, అది వాడేవాళ్ళు ఏం చెప్పినా ఆహా ఓహో అని భజన చేస్తోందని గోలెత్తితే కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకుంది. జనం వెంటనే నొక్కే లైకులకి ఎక్కువ విలువిస్తే ఏమవుతుందో వాళ్ళకి తెలిసొచ్చింది. నాకు మాత్రం 2015లో నేనే గుర్తొచ్చాను. "మా లీడు దేవుడు" అన్న లైకు కోసమే కదా నేనూ "సూపర్ రా" అన్నది!

ఆ రోజు చాయ్ అయ్యాక అతను పిల్లాణ్ణి తీసుకుని వెళ్ళిపోయాడు. నేనూ మా అమ్మాయీ గన్‌ఫౌండ్రీ మీదుగా ఎల్బీ స్టేడియం వైపు నడిచాం. పాతవాళ్ళకి అది ఇప్పటికీ ఫతే మైదానమే. నాకు దాని పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా క్రికెట్ కన్నా బ్యాడ్మింటనే గుర్తొస్తుంది. ఎస్.ఎం. ఆరిఫ్ సారు దగ్గర పుల్లెల గోపీచంద్ ఆడుతూ పెరిగింది అక్కడే. శిష్యుడు 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. గురువుకి ద్రోణాచార్య, తర్వాత 2012లో పద్మశ్రీ వచ్చాయి. సైనా నెహ్వాల్ కూడా చిన్నప్పుడు ఆ కోర్టుల్లో చెమటోడ్చిన పిల్లే.

ఆ గోపీచంద్ కోచ్ అయ్యాక సింధు విషయంలో చేసిన పని మీరు వినే ఉంటారు, ఆయనే చెప్పుకున్నాడు. సింధు కోర్టులో మరీ నెమ్మది, నోరు తెరిచి అరవదు, దూకుడు చూపించదు. ఒకరోజు అకాడమీలో అందరి ముందూ కోర్టు మధ్యలో నిలబడి గట్టిగా అరవమన్నాడు. అరిచేదాకా రాకెట్ ముట్టుకోవద్దన్నాడు. ఆ పిల్ల ఏడ్చింది కూడా. చివరికి అరిచింది. 2016లో రియోలో వెండి పతకం తెచ్చిన సింధు అరుపులు టీవీలో మనందరం విన్నాం. రియోకి ముందు మూడు నెలలు ఫోను కూడా లాగేసుకుని, ఫైనల్ అయ్యాకే ఇచ్చాడు.

దీన్ని చూపించి "చూశావా, కఠినంగా ఉంటేనే పతకాలు" అనేవాళ్ళున్నారు. నాకలా కనిపించదు. నువ్వు పిరికిదానివి, నీవల్ల కాదు అని ఉంటే అది మనిషి గురించి. ఇక్కడ నిలబడు, అరువు, తర్వాత రాకెట్ తీసుకో అన్నది పని గురించి. ఏం మారాలో తెలుసు, మారితే ఎలా తెలుస్తుందో తెలుసు, మారిన క్షణాన శిక్ష అయిపోయింది. పైగా తెల్లారకముందే కోర్టుకొచ్చి ఏళ్ళ తరబడి పక్కన నిలబడ్డ మనిషి చెప్పిన మాట అది. ఆ ఏళ్ళు లేకుండా ఆ అరుపు ఒక్కటే అరువు తెచ్చుకుని, కొత్తగా చేరినవాణ్ణి అందరి ముందూ నిలబెడితే దాన్ని కోచింగ్ అనరు. అంతటి కోచ్ పద్ధతి కూడా అందరికీ అన్నివేళలా కుదరాలని లేదు. సైనా 2014లో ఆయన్ని వదిలి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరికి వెళ్ళింది, మరుసటి ఏడాది ప్రపంచ నంబర్ వన్ అయింది, 2017లో మళ్ళీ గోపీచంద్ దగ్గరికే వచ్చింది. ఎవరిది తప్పని అడిగితే నేను చెప్పలేను. ఒకే మందు అందరికీ వెయ్యకూడదని మాత్రం తెలుస్తోంది.

"తప్పు చెబితే బాధపడతారు కదా" అంటారా? పడతారు. నేను చెప్పని పదకొండు చిన్న బాధలు కలిసి హెచ్చార్ రూములో ఒకేసారి పడ్డాయి. వడ్డీతో సహా. నేను అతని బాధ చూడలేక దాచానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ చాయ్ దగ్గర తెలిసింది, చూడలేకపోయింది అతని బాధని కాదు, నా మీద అతని మొహం చిట్లడాన్ని. నా మంచితనం ఖర్చంతా అతని ఖాతాలో రాశాను.

"మెచ్చుకుంటే నెత్తికెక్కుతారు కదా" అంటారా? ఉత్తినే మెచ్చుకుంటే ఎక్కుతారేమో. మంచి పని చేసినప్పుడు అందులో ఏది మంచిదో చెప్పకపోతే, రేపు మళ్ళీ ఏది చెయ్యాలో వాడికెలా తెలుస్తుంది? భారవి తండ్రి కూడా ఏ శ్లోకం ఎందుకు బావుందో చెప్పి ఉంటే ఆయుష్షు తగ్గేది కాదు, బండ మొయ్యాల్సిన పని తప్పేది.

ఇప్పుడు నేను పాటించే నియమం ఒక్కటే. మా టీములో దానికి అటక నియమం అని పేరు కూడా పెట్టారు. రేటింగుల మీటింగులో ఒకరి గురించి నేను చెప్పే ప్రతి మాటా, మంచైనా చెడైనా, అంతకుముందే అతను నా నోటి నుంచి విని ఉండాలి. వినకపోతే ఆ పాయింటు నేను వాడకూడదు. అది అతని తప్పు కాదు, నా బాకీ. ఈ నియమం పెట్టుకున్నాక కోడ్ రివ్యూలో కామెంట్లు పెరిగాయి, రాత్రిళ్ళు చాటుగా సరిచెయ్యడం మానేశాను. ఇది బాలేదు అని రాయబోయినప్పుడల్లా ఏ వేలు లేవట్లేదో కనిపెట్టి రాయడానికి చూస్తాను. బాగున్న చోట కూడా ఏది బావుందో రాస్తాను. అన్నీ సాఫీగా జరిగిపోతున్నాయని చెప్పను. పోయిన నెలలో ఒకమ్మాయి రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి "ఆ మూడో కామెంటు నేనొప్పుకోను" అని గంటసేపు వాదించింది. సగం ఆమే కరెక్టు. ఆ వాదన నాకు "మా లీడు దేవుడు" కన్నా బావుంది.

ఇంకొక్క ముక్క చెప్పి ముగిస్తాను. ఆ రోజు నాంపల్లిలో మెట్రో ఎక్కాం. మా అమ్మాయికి పదేళ్ళు. అబిడ్స్‌లో కొన్న పాత డ్రాయింగు పుస్తకం వెనక ఖాళీ పేజీలో ఏదో గీసి చూపించింది. నేను ఫోన్లోంచి తల ఎత్తకుండా "సూపర్ రా తల్లీ" అన్నాను. అలవాటు చచ్చిపోదు కదా.

"నువ్వు చూడలేదు నాన్నా" అంది.

ఫోను జేబులో పెట్టి చూశాను. చాయ్ హోటలు గీసింది. బల్ల, గ్లాసులు, ఎదురుగా ఇద్దరు మనుషులు. గ్లాసులు బల్ల అంచు దాటి గాల్లో ఉన్నాయి, ఆ మాట చెప్పాను. ఇద్దరిలో ఒకడు తల వంచుకుని కూర్చున్నాడు, అది ఎంత బాగా పట్టుకుందో కూడా చెప్పాను. రబ్బరు తీసి గ్లాసులు చెరిపింది. తల వంచుకున్నవాణ్ణి మాత్రం అలాగే ఉంచింది.

మీ ఆఫీసులోనో ఇంట్లోనో ఎవరి గురించైనా మీ దగ్గర ఇలాంటి లిస్టు ఉందా? ఉంటే అది వాళ్ళకి తెలుసా? ఈ సోమవారం ఒక్కటి చెప్పి చూడండి. ఏమైందో నాకూ చెప్పండి.